బిల్లు మీద జీఎస్టీ నంబర్ ఎందుకు రాలేదంటే
మన బిల్లింగ్ యాప్ వాడుతున్న షాపులవాళ్లందరికీ నమస్కారం. శనివారం అప్‌డేట్ వేసుకున్నాక చాలామందికి బిల్లు పైన షాపు పేరు వస్తోంది గానీ, దాని కింద అడ్రస్, జీఎస్టీ నంబర్ ఉండాల్సిన చోట ఖాళీ. తప్పు మీ ప్రింటర్‌ది కాదు, పేపర్ రోల్‌ది కాదు, మాదే. ఆదివారం రాత్రి సరిచేసి కొత్త వెర్షన్ పెట్టాం.

బాగా నడుస్తున్నదాన్ని ఎందుకు కదిపారని ఒక మెడికల్ షాపు అన్న ఫోన్‌లో అడిగారు, న్యాయమైన ప్రశ్నే. 2025 ఆగస్టు 31 తర్వాత ఆండ్రాయిడ్ 15కి తగ్గట్టు తయారైన అప్‌డేట్లనే తీసుకోవాలని ప్లే స్టోర్ నిబంధన పెట్టింది. మన కోడ్‌ని యాప్‌గా మార్చే గ్రేడిల్ అనే పనిముట్టుకి ఇచ్చే స్క్రిప్టులేమో 2019లో రాసినవి. గ్రేడిల్‌కి ఆండ్రాయిడ్ యాప్ చేయడం నేర్పే ఆండ్రాయిడ్ ప్లగిన్‌ని 8.7కి తేవాలంటే జావా 17 కావాలి, స్క్రిప్టుల్లో 'కంపైల్' అని రాసిన ప్రతి లైనూ 'ఇంప్లిమెంటేషన్'గా మారాలి. పైగా ప్రింటర్‌తో మాట్లాడే రెడీమేడ్ కోడ్ (లైబ్రరీ) ఒకటి, ఇలాంటివి దొరికే జేసెంటర్ అనే ఆన్‌లైన్ గోదాములో ఉండేది, అది మూతపడ్డాక కంప్యూటర్‌లో దాచిన కాపీతోనే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాం. ఇవన్నీ ఎర్రర్ చూపించి ఆగిపోయేవే కాబట్టి వారంలో తేలిపోయాయి.

అసలు దెబ్బ ఎర్రర్ చూపించని చోట తగిలింది. యాప్ సైజు తగ్గించడానికి, వాడని కోడ్‌ని తీసేసే ఆర్8 అనేది ఒకటుంది, ఆండ్రాయిడ్ ప్లగిన్ 8.0 నుంచి అది మనం అడగకపోయినా ఫుల్ మోడ్‌లో, అంటే మరింత గట్టిగా కత్తిరిస్తూ పనిచేస్తుంది. సర్వర్ నుంచి వచ్చే మీ షాపు వివరాలను పట్టుకునే కోడ్ ముక్క (క్లాసు) మన కోడ్‌లో ఎక్కడా నేరుగా తయారవదు, సర్వర్ డేటాని చదివే జీసన్ అనే లైబ్రరీ దాన్ని లోపల్లోపలే తయారుచేసి నింపుతుంది. అది ఆర్8కి కనపడదు, అందుకే అందులో ఏమీ ఉండదని లెక్కేసుకుంది. షాపు పేరు ఫోన్‌లో విడిగా సేవ్ అయి ఉంటుంది గనక అదొక్కటీ మిగిలింది. మేం ప్రింట్ తీసి చూసింది డీబగ్ బిల్డ్‌లో, అంటే మా పరీక్షల కోసం చేసుకునే కాపీలో, అందులో ఆర్8 నడవదు. మీకు పంపే రిలీజ్ బిల్డ్‌తో ఒక్క బిల్లు కొట్టి చూసినా శనివారమే దొరికేది. ఆ ఒక్క పని చేయనందుకు క్షమించండి.

ఒక్క లైనుతో ఫుల్ మోడ్‌ని ఆపేయొచ్చు, కానీ రేపు ఇంకో వెర్షన్‌కి మారేటప్పుడు ఇదే గొడవ మళ్లీ వస్తుందని, ఏయే క్లాసుల్ని ముట్టుకోకూడదో విడివిడిగా నియమాలు రాశాం. ఇక నుంచి రిలీజ్ బిల్డ్‌తో రెండంగుళాల ప్రింటర్ మీదా, మూడంగుళాల దాని మీదా బిల్లు తీసి చూశాకే ప్లే స్టోర్‌లో పెడతాం.

మీ లెక్కలు ఎక్కడికీ పోలేదు. అప్‌డేట్ వేసుకుని, 'పాత బిల్లులు'లోకి వెళ్లి శని, ఆదివారాల బిల్లుల్ని మళ్లీ ప్రింట్ చేస్తే నంబర్‌తో సహా వస్తాయి. ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకునే (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తాము కట్టాల్సిన దాంట్లో తగ్గించుకునే) కస్టమర్లకు ఇచ్చిన బిల్లులుంటే ముందు అవి మార్చి ఇవ్వండి.

ఆండ్రాయిడ్ 4.4 ట్యాబ్‌లు వాడుతున్నవాళ్లకు మాత్రం ఇక అప్‌డేట్లు రావు, మేం ఇప్పుడు వాడిన కొత్త లైబ్రరీలకు కనీసం ఆండ్రాయిడ్ 5 ఉండాలి. పాత వెర్షన్ మీ దగ్గర అలాగే నడుస్తుంది. ట్యాబ్ మార్చేటప్పుడు ఒక్క ఫోన్ చేయండి, డేటా మేమే దగ్గరుండి ఎక్కిస్తాం, దానికి డబ్బులేమీ తీసుకోం.