రెట్టల పేరు చెప్పి చెట్లు కొట్టించకండి

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరిన ఈ రోజుల్లో విజయవాడ అపార్ట్‌మెంట్ సంఘాల సమావేశాల్లో ఒక మాట తరచుగా వినిపిస్తోంది. ప్రహరీ పక్కనున్న రావిచెట్టునో నేరేడుచెట్టునో కొట్టించాలని, దాని మీద వాలే పక్షులు కింద నిలిపిన కార్లను రెట్టలతో పాడుచేస్తున్నాయని ఆ మాట సారాంశం. ఆటోనగర్‌లో కార్లకు రంగులు వేసే పనిలో చాలాకాలం ఉన్నవాణ్ని కనుక, రెట్ట వల్ల పెయింట్ దెబ్బతింటుందన్న ఫిర్యాదును నేను తేలిగ్గా తీసుకోను. అది నిజమే. అయితే ఆ నష్టం ఎలా జరుగుతుందో తెలుసుకుంటే చెట్టు జోలికి పోనక్కరలేదని, పైగా చెట్టు పోతే ఆ పెయింటుకే ఎక్కువ చేటు జరుగుతుందని చెప్పడానికి ఈ లేఖ రాస్తున్నాను.

నేటి కార్లకు రంగు ఒకే పొరగా ఉండదు. రేకు తుప్పు పట్టకుండా కాపాడే ప్రైమర్, దాని మీద ఉపరితలాన్ని నున్నగా చేసే సర్ఫేసర్, ఆపైన అసలు రంగునిచ్చే బేస్ కోట్, అన్నిటికీ పైన మెరుపునిచ్చే క్లియర్ కోట్ ఉంటాయి. ఇవన్నీ కలిపినా మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో క్లియర్ కోట్ వాటా సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందం కూడా ఉండదు. రెట్ట ముందుగా గాయపరిచేది ఈ పొరనే.

పక్షులు తమ ఒంట్లోని నత్రజని వ్యర్థాన్ని యూరిక్ ఆమ్లంగా మార్చి, మలంతో కలిపి ఒకేసారి వదిలేస్తాయి. రెట్టలో తెల్లగా కనిపించే భాగం అదే. అది నీటిలో సులభంగా కరగదు కనుక చిన్న జల్లు పడినంత మాత్రాన పోదు. రెట్టతో పాటు వచ్చే జీర్ణరసాల ఎంజైములు కూడా క్లియర్ కోట్‌లో పొరను పట్టి ఉంచే రెసిన్ అనే పదార్థాన్ని దెబ్బతీస్తాయని ఇరాన్ పరిశోధకులు 2009 ప్రాంతంలో ప్రయోగాలతో చూపించారు. వీటన్నిటికీ బలమిచ్చేది మన ఎండ. మే నెల మధ్యాహ్నం బయట నిలిపిన నల్ల కారు బానెట్ చెయ్యి ఆనించలేనంతగా, దాదాపు 70 డిగ్రీల దాకా కాలుతుంది. ఆ వేడికి క్లియర్ కోట్ కొద్దిగా మెత్తబడి వ్యాకోచిస్తుంది. దాని మీదున్న రెట్ట మాత్రం ఎండి, బిగుసుకుని, ముడుచుకుపోతుంది. సాయంత్రం చల్లబడి పెయింట్ మళ్లీ గట్టిపడేటప్పుడు ఆ ఎండిన పెంకు ఆకారమే దాని మీద అచ్చుపడుతుంది. రెట్ట తీసేశాక వేలితో నిమిరితే అక్కడ గుంట ఉన్నట్టు తెలియకపోవచ్చు గానీ, ట్యూబ్‌లైటు కింద నిలబెట్టి ఏటవాలుగా చూస్తే లైటు నీడ ఆ చోట వంకర తిరుగుతుంది. షెడ్డులో మేము మచ్చను పసిగట్టేది అలాగే.

కాబట్టి ఇక్కడ రెట్ట పడిందా లేదా అన్నది కాదు, ఎండలో ఎంతసేపు ఉండిపోయిందన్నదే లెక్క. చలికాలంలో ఒక రోజంతా ఉన్నా పెద్దగా జాడ వదలని రెట్ట మే నెలలో ఒక్క మధ్యాహ్నంలో మచ్చ చేస్తుంది. గోరింకలు, కాకులు పొద్దుగూకే వేళకు చెట్టుకు చేరి తెల్లవారగానే లేచిపోతాయి గనుక చెట్టు కింది కార్ల మీద రెట్టలు ఎక్కువగా పడేది రాత్రిపూటే. ఉదయం ఎండెక్కక ముందే కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసుకుని శుభ్రం చేసుకుంటే ఆ రెట్టల వల్ల మచ్చ పడే ప్రమాదం చాలా మటుకు తప్పుతుంది.

శుభ్రం చేయడంలోనే మనవాళ్లు తొందరపడతారు. షెడ్డుకు వచ్చే కార్లలో నేను చూసినవి రెట్ట పెట్టిన మచ్చల కన్నా, రెట్టను పొడిగుడ్డతో రుద్దడం వల్ల పడిన గీతలే ఎక్కువ. గింజలు తినే పావురాలు అరుగుదల కోసం ఇసుక రేణువులు, చిన్న రాళ్లు కూడా మింగుతాయి. వాటిలో కొన్ని రెట్టతో పాటు బయటికి వస్తాయి. అటువంటి ఎండిన రెట్ట మీద డస్టర్ ఆడించడమంటే క్లియర్ కోట్‌కు చేజేతులా గరుకు కాగితం పెట్టడమే. బండ్లు తుడిచే కుర్రాడిని తప్పుపట్టి లాభం లేదు. తెల్లవారుజామున అన్ని కార్లకూ కలిపి ఒక బకెట్టు, ఒక గుడ్డ ఇచ్చి పంపేది మనమే కదా. చేయవలసినది నిజానికి చాలా తేలిక. పాత కాటన్ గుడ్డనో టిష్యూ కాగితాలనో నీటిలో బాగా తడిపి రెట్ట మీద పరిచి, పది నిమిషాలు అలాగే వదిలేయాలి. బాగా ఎండిపోయినదైతే మధ్యలో మరోసారి తడపాలి. అది నాని మెత్తబడ్డాక రుద్దకుండా, గుడ్డతో పాటే పైకి ఎత్తి తీసేయాలి. మిగిలిన జిడ్డును కార్ షాంపూ కలిపిన నీళ్లతో కడిగి, శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో అద్దాలి. ఎండలో కాలుతున్న బానెట్ అయితే ముందు నీడకు తెచ్చి చల్లారనివ్వడం మంచిది. నిమ్మకాయ, వెనిగర్, పెట్రోలు, గిన్నెలు తోమే పీచు వంటి ఇంటి చిట్కాలు వద్దు. ముందు అద్దం మీద పడితే వైపర్ వేసి పులమకండి. వైపర్ రబ్బరులో చిక్కిన ఇసుక అద్దాన్ని కూడా గీకుతుంది. సీటు పక్కన ఒక నీళ్ల సీసా, రెండు గుడ్డలు ఉంచుకుంటే దారిలో కూడా ఈ పని అవుతుంది.

మచ్చ పడిపోయాక ఏం చేయాలని అడిగేవారికి ఒక్క మాట. పైపైన ఉన్న మచ్చ కాంపౌండ్ అనే అరగదీసే ముద్ద పెట్టి బఫింగ్ చేస్తే, అంటే మెషీన్‌తో మెరుగుపెడితే పోతుంది. లోతుగా దిగితే 2000 నంబరు వాటర్ పేపర్‌తో (చాలా సన్నటి గరుకు కాగితంతో) తడిగా తీసి ఆ తరువాత బఫింగ్ చేస్తాము. ఏ పద్ధతిలోనైనా మేము చేసేది మచ్చ చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను దాని మట్టానికి అరగదీయడమే. ఉన్న 40, 50 మైక్రాన్లలో నుంచే అది పోవాలి గనుక పదేపదే చేయించుకునే వైద్యం కాదిది. కొత్తగా పెయింట్ వేయించిన కారు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. షెడ్డు పెయింట్ పూర్తిగా గట్టిపడడానికి కొన్ని వారాలు పడుతుంది, ఆ లోపు పడిన రెట్ట త్వరగా దిగుతుంది.

మైనం పాలిష్ మన ఎండలకు కొద్ది వారాలు మాత్రమే నిలుస్తుంది, అయినా ఆ కొద్ది వారాలూ రెట్టకు పెయింటుకు మధ్య ఒక అడ్డు ఉంటుంది. వేలల్లో ఖర్చయ్యే సిరామిక్ కోటింగ్ శుభ్రం చేయడాన్ని సులభం చేస్తుంది, రెట్ట దిగడాన్ని కొంత ఆలస్యం చేస్తుంది. అది వేయించాం కదా అని రెట్టను ఎండలో వదిలేస్తే దాని మీదా మచ్చ పడుతుంది. "ఇక ఏమీ అంటదు" అని చెప్పి అమ్మేవారి మాట నమ్మనవసరం లేదు. పీపీఎఫ్ అనే పారదర్శక ఫిల్ము మందంగా ఉండి నిజంగానే కాపాడుతుంది గానీ కారంతటికీ వేయిస్తే ఖర్చు లక్ష దాటుతుంది. గుడ్డ కవరు కప్పదలచినవారు కడిగిన కారు మీదే కప్పాలి. దుమ్ము మీద కప్పితే గాలికి అది రుద్దుకుని గీతలు పడతాయి. రెట్టల మచ్చలను కార్ల కంపెనీల వారంటీ సాధారణంగా పట్టించుకోదు కనుక ఈ జాగ్రత్త భారం యజమానిదే.

ఇక చెట్టు సంగతి. కార్ల మీద పడే రెట్టల్లో పావురాలవీ ఉంటాయి, మన పావురాలు చెట్ల మీద కాపురముండవు. అవి మన భవనాల సన్‌షేడ్ల మీద, ఏసీ యూనిట్ల వెనుక, పార్కింగ్ షెడ్డు ఇనుప దూలాల మీద గూళ్లు పెడతాయి. చెట్టు కొట్టేసినా అవి ఎక్కడికీ పోవు. వాటికి మందు షెడ్డు దూలాల కింద నైలాన్ వల బిగించడం, పార్కింగ్ దగ్గర గింజలు చల్లడం మానడం. ఆ షెడ్లలో పేరుకున్న ఎండు రెట్టను పొడిగా చిమ్మితే ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని. అక్కడా తడిపే తీయాలి.

చెట్టు మీద పక్షులు రాత్రిపూట ఏ కొమ్మకు చేరుతున్నాయో కింద నేల మీద దట్టంగా పడిన తెల్ల మచ్చలను చూస్తేనే తెలుస్తుంది. కారును అక్కడి నుంచి నాలుగు అడుగులు జరిపితే సగం బాధ పోతుంది. అదే చెట్టు పగలు నీడనిచ్చి చేసే మేలు మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. కార్ల టాపు మీద, బానెట్ మీద క్లియర్ కోట్ పాలిపోయి పొరలుగా లేచిపోవడానికి ప్రధాన కారణం ఏళ్ల తరబడి పడే ఎండలోని అతినీల కిరణాలు. రెట్ట మచ్చను బఫింగ్‌తో తీయవచ్చు. అలా లేచిపోయిన క్లియర్ కోట్‌కు మాత్రం మళ్లీ పెయింట్ వేయడం తప్ప మార్గం లేదు. పైగా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న పక్షుల గూళ్లను, గుడ్లను చెదరగొట్టడం నేరం.

అందువల్ల అపార్ట్‌మెంట్ సంఘాలు చెట్టు కొట్టించే తీర్మానం చేసే ముందు కనీసం ఈ వేసవి వరకైనా ఉదయం పూట తడిపి తీసే ఏర్పాటు చేసి చూడాలని, కార్లు తుడిచేవారికి ఆ పద్ధతి చూపించి చాలినన్ని గుడ్డలు ఇవ్వాలని కోరుతున్నాను. కార్లపై రెట్టలు పడుతున్నాయన్న ఒక్క కారణంతో వచ్చే దరఖాస్తులకు నగరపాలక సంస్థ అనుమతి ఇవ్వరాదని, కొమ్మలు తగ్గించడం తప్పనిసరైన చోట కూడా గూళ్లలో పిల్లలు లేని కాలం చూసి ఆ పని చేయించాలని మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయవాడ.