నలభై ఏళ్లున్నా పదిహేనేళ్ల రుజువు లేదు

సంపాదకుడు గారికి,

చంద్రపూర్ జిల్లాలో నాకో చిన్న జిరాక్స్ షాపు ఉంది. తెలుగువాణ్ణి కావడంతో మనవాళ్లకు మరాఠీ ఫారాలు నింపిపెట్టడం కూడా నా పనే అయిపోయింది. ఈ మధ్య వస్తున్నది ఎక్కువగా ముసలివాళ్లే. కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ వైపు నుంచి మేస్త్రీల వెంట లోడింగుకో, ఇటుక బట్టీలకో వచ్చి ఇక్కడే ఉండిపోయారు. పీఎఫ్ అన్న మాటే వాళ్లకు తెలియదు.

మహారాష్ట్రలో 65 ఏళ్లు నిండిన పేదలకు శ్రావణబాళ్ యోజన కింద నెలకు 1,500 రూపాయల పింఛను ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 21,000 దాటకూడదు, రాష్ట్రంలో 15 ఏళ్లుగా ఉంటున్నట్టు రుజువు కావాలి. బట్టీ పక్కన వేసుకున్న గుడిసెకు ఇంటి పన్ను రసీదు ఎవరిస్తారు?

పోయిన వారం ఒక తాత ప్లాస్టిక్ కవర్‌లోంచి ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు తీసి నా ముందు పెట్టాడు. మూడింట్లో మూడు రకాల పేర్లు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడ చివర రాస్తారు, మధ్యలో తండ్రి పేరు. ఆ తిరగేతలో ఒక కార్డులో తండ్రి పేరే ఈయనకు ఇంటిపేరైంది. "ఈ ముగ్గురిలో నువ్వెవరు?" అన్నారట ఆఫీసులో. తాత నవ్వుతూనే చెప్పాడు, నాకే నవ్వు రాలేదు. పైగా ఇటుకలు మోసీ మోసీ వేళ్లు అరిగిపోయి, మెషీన్ మీద ముద్ర పడటం లేదు.

తెలంగాణలోని ఊరికి తిరిగి వెళ్తే అక్కడి ఆసరా పింఛను కింద నెలకు 2,016 వస్తుంది కదా అనొచ్చు. అక్కడ ఆయనకు ఓటు లేదు, రేషన్ కార్డు లేదు, ఇల్లు ఎప్పుడో కూలిపోయింది. రెంటికీ చెడ్డ రేవడి బతుకు. అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం 2019లో తెచ్చిన శ్రమయోగి మాన్‌ధన్ పింఛను పథకంలో 60 దాటాక నెలకు 3,000 వస్తుంది గానీ, చేరేనాటికి వయసు 40 దాటకూడదు!

తాత కూతురు ఇక్కడి జిల్లా పరిషత్ బడిలో చదివింది. బడి వాళ్లిచ్చిన దాఖలాలో, అంటే సర్టిఫికెట్‌లో, తండ్రి పేరు, ఊరు, సంవత్సరం అన్నీ ఉన్నాయి. ఆమెకిప్పుడు మనవడు కూడా ఉన్నాడు. అయినా అది కూతురు ఇక్కడున్నట్టు చెబుతుందే గానీ తండ్రి ఉన్నట్టు కాదన్నారట. మరి ఆ పిల్లను బడిలో వేసిందెవరు?

పిల్లల బడి దాఖలాను తల్లిదండ్రుల నివాసానికి రుజువుగా ఒప్పుకోవాలి. పేర్ల తేడాకు ఒక్క అఫిడవిట్‌తో సరిపెట్టాలి. తెలంగాణలో పింఛను తీసుకోవడం లేదన్న కాగితం కోసం డెబ్బై ఏళ్ల మనిషిని సొంతూరికి తిప్పకుండా, ఆ సంగతేదో రెండు రాష్ట్రాల అధికారులే మాట్లాడుకోవాలి.

– ఒక పాఠకుడు, చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర