మా మండలంలో ఎవరి పని ఎటు పోయిందో ఒక్కసారి లెక్క తీయించండి

గౌరవనీయులైన రాష్ట్ర పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. వరంగల్ జిల్లా సంగెం మండలంలో నేనొక చిన్న ఆన్‌లైన్ సెంటర్ నడుపుకుంటున్నాను. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను, ఒక వేలిముద్రల మిషను, వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఒక బల్ల. కాకతీయ యూనివర్సిటీలో ఎం.కామ్ చేసి, నాలుగేళ్లు గ్రూప్స్‌కి చదివి, రాకపోయేసరికి 2012లో ఈ షాపు పెట్టుకున్నాను. మా దగ్గర ఎవరు ఏ పని వదిలి ఏ పనిలోకి పోతున్నారో పంచాయతీ సెక్రటరీ కంటే ముందు నాకే తెలుస్తుంది. పని మారిన ప్రతి మనిషికీ ఏదో ఒక కాగితం కావాలి కదా. ఆ కాగితాలు చూసీ చూసీ ఈ ఉత్తరం రాస్తున్నాను.

షాపు పెట్టిన కొత్తలో నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు ఎక్కువ తీసేవాణ్ణి. వరంగల్‌లో ఎక్కితే సూరత్‌లో దిగుతారు. పండక్కి వచ్చిన పద్మశాలి కుటుంబాలు మళ్లీ అక్కడి మగ్గాల మీదికి పోయేవి. ఇప్పుడూ టికెట్లు తీస్తున్నాను గానీ ఎక్కువగా కాజీపేట నుంచి దానాపూర్‌కి. రైస్ మిల్లుల్లో బస్తాలు మోసే బీహార్ పిల్లలు, వాళ్ల వెంట నాట్లు వేయడానికి వచ్చిన గుంపులు. మావాళ్లు ఒక రైలెక్కి పోయారు, వీళ్లు ఇంకో రైలెక్కి వచ్చారు, నా కమీషన్ మాత్రం మారలేదు.

పోయిన వానాకాలం ఒక అక్క వచ్చింది. కంపెనీలో హౌస్‌కీపింగ్ పని దొరికిందట, జీతం పడటానికి బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు కావాలి. వేలు పెట్టమన్నాను, ముద్ర పడలేదు. తడి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టించాను, పడలేదు. కుడిచేతి వేళ్లన్నీ అయిపోయాయి. "ముప్పై ఏండ్లు పత్తి ఏరిన చేతులు, ముద్రెట్ల పడ్తది తమ్మీ?" అని నవ్వింది. చివరికి ఎడమ చేతి ఉంగరం వేలు పడింది. పోతూ పోతూ ఇంకో మాట అంది: "కైకిలి పోతే ఏ దినం పైసలు ఆ దినమే. ఇది నెల దాకా ఆగాలెనట. నెల దాకా ఏం తినాలె?" మొదటి నెల జీతం వచ్చేదాకా ఆమెకి కిరాణా కొట్టులో అప్పు పుట్టిందో లేదో నేను అడగలేదు.

ఆ అక్క కైకిలి, అంటే పొలాల్లో కూలి పని, ఎందుకు మానేసిందో మీకు తెలిసే ఉంటుంది, అయినా చెప్తాను. వరి కోతకు హార్వెస్టర్ వచ్చింది. కలుపుకు గడ్డిమందు వచ్చింది. ఆడవాళ్లకు ఏడాది పొడుగునా చేతినిండా ఉండే పని నాట్లు వేసే కొద్ది రోజులకూ, పత్తి ఏరే కొద్ది వారాలకూ కుంచించుకుపోయింది. ఆ కొద్ది రోజుల్లో అందరి చేలల్లోనూ ఒకేసారి పని పడుతుంది. అందుకే రైతు నా షాపులో కూర్చుని కూలీలు దొరకట్లేదని తిడతాడు, పక్కనే కూర్చున్న కూలామె పనే లేదని ఏడుస్తుంది. ఇద్దరిదీ నిజమే. ములుగు, భూపాలపల్లి వైపు మిరపకాయ ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి ట్రాక్టర్లలో దిగుతున్నారంటే ఆశ్చర్యమేముంది? పని ఉన్న ఆ నెలా నెలన్నర కోసం మా ఊరి మనిషి మిగతా పది నెలలు ఖాళీగా కాచుకుని కూర్చోడు కదా.

మగపిల్లలది ఇంకో దారి. డిగ్రీ సర్టిఫికెట్ లామినేషన్ చేయించుకుని, అదే రోజు డ్రైవింగ్ లైసెన్సుకు స్లాట్ బుక్ చేయించుకుని పోతారు. హన్మకొండలో డెలివరీ పని, కాదంటే హైదరాబాద్. సెక్యూరిటీ గార్డు పనికి పోలీసు వెరిఫికేషన్ కోసం వచ్చేవాళ్లలో నాతో చదువుకున్నవాళ్లు కూడా ఉన్నారు. జగిత్యాల, నిర్మల్ వైపైతే ఈ షాపులకు పాస్‌పోర్టు పనే ఎక్కువ. అక్కడ తరాలుగా గల్ఫ్ అలవాటు. మా దగ్గర అంత లేదు.

ఇక మా టెక్స్‌టైల్ పార్కు సంగతి. 2017 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగినప్పుడు నేను షాపు మూసి మరీ పోయాను. మా మండలంలోని చింతలపల్లి, పక్క గీసుగొండ మండలంలోని శాయంపేట, రెండూ కలిపి 1,200 ఎకరాలకు పైగా భూమి. సూరత్ పోయినవాళ్లంతా తిరిగొస్తారని ఆ రోజు అందరం అనుకున్నాం. 2023లో కేంద్రం పీఎం మిత్ర పథకం కింద దేశంలో ఏడు పార్కులు ఎంపిక చేస్తే అందులో మనదొకటి. పెద్ద పెద్ద కంపెనీలు వచ్చాయి, షెడ్లు లేచాయి. నేను వాటికి వ్యతిరేకిని కాదు. మా వీధిలో నలుగురు ఆడపిల్లలు పొద్దున కంపెనీ బస్సెక్కుతున్నారు, వాళ్లని చూస్తే సంతోషమే.

కానీ మంత్రి గారూ, పెట్టుబడి ఎన్ని కోట్లో చెప్తారు, భూమి ఎన్ని ఎకరాలో చెప్తారు, పని దొరికినవాళ్లెందరో చెప్పరు. పార్కులో ఇవాళ ఎంతమంది పనిచేస్తున్నారు, అందులో మా రెండు మండలాలవాళ్లు ఎందరు, భూమి ఇచ్చిన ఇళ్లవాళ్లు ఎందరు, కుట్టు మిషను మీద ఎందరు, చీపురు పట్టుకుని ఎందరు? ఈ లెక్క రాసిన కాగితం నా కంట ఇంతవరకూ పడలేదు. రానున్న ఉద్యోగాల అంకె మాత్రం సభ సభకూ వింటూనే ఉన్నాం.

పాత సంగతి ఒకటి గుర్తొస్తోంది. 1934లో వరంగల్‌లో ఆజంజాహి మిల్లు పెట్టారు. మా పెద్దనాన్న అందులో పనిచేశాడు. మిల్లు కార్మికుడంటే ఆ రోజుల్లో పిల్లనివ్వడానికి వెనకాముందు చూసేవాళ్లు కాదు. పర్మినెంటు, క్వార్టర్సు, పెద్ద యూనియను. మిల్లు మూతపడ్డాక ఆయన కొన్నాళ్లు కూరగాయల బండి పెట్టుకున్నాడు. ఆ మిల్లు మనుషులు ఎక్కడికి చెదిరిపోయారో అప్పుడు ఎవరూ రాసిపెట్టలేదు. ములుగు జిల్లా కమలాపురంలో రేయాన్ గుజ్జు ఫ్యాక్టరీ 2014లో ఆగిపోయినప్పుడూ కార్మికుల ధర్నాలు పేపర్లో వచ్చాయి గానీ, ఆ కుటుంబాలు తర్వాత ఏం చేసి బతికాయో రాలేదు.

సింగరేణి అయితే లెక్క పక్కాగా దొరుకుతుంది కాబట్టి దాన్నే చూద్దాం. 1990ల మొదట్లో లక్షకు పైగా కార్మికులు ఉండేవాళ్లు. ఇప్పుడు 40 వేల ప్రాంతంలో ఉన్నారు. బొగ్గు తగ్గిందా అంటే లేదు. 1990-91లో 2 కోట్ల టన్నులు కూడా దాటని ఉత్పత్తి 2023-24లో 7 కోట్ల టన్నులకు చేరింది. ఓపెన్‌కాస్టులు, పెద్ద మిషన్లు వచ్చాయి, భూగర్భ గనులు తగ్గాయి. కాంట్రాక్టు కార్మికులు ఆ 40 వేల లెక్కలో ఉండరు, అది వేరే కథ. నేను చెప్పేదేమిటంటే, పరిశ్రమ పెరగడం, ఉద్యోగం పెరగడం రెండూ ఒకటేనని ఉపన్యాసాల్లో కలిపేస్తుంటారు. సింగరేణిలో అంకెలు ఉన్నాయి కాబట్టి తేడా కనబడింది. మిగతా చోట్ల అంకెలే లేవు.

కాంట్రాక్టు అన్నాను కాబట్టి ఒకటి చెప్పి ముందుకెళ్తాను. ఒక అబ్బాయి రెండేళ్లు ఒక కంపెనీలో చేశాడు. ఎక్కడ, ఏ కంపెనీ అన్నది రాయను. పీఎఫ్ తీసుకుందామని నా దగ్గరికొచ్చాడు. కాంట్రాక్టరు వాడి ఇంటిపేరు తప్పుగా ఎక్కించాడు. అప్పట్లో సరిచేయాలంటే ఆ కాంట్రాక్టరే ఒప్పుకోవాల్సి ఉండేది. ఫోన్ స్విచాఫ్. కంపెనీ గేటు దగ్గరికి పోతే నువ్వు మా మనిషివి కాదన్నారట. రెండేళ్లు ఆ గేటు లోపల పనిచేసినవాడు ఏ లెక్కలోనూ లేడు.

జనాభా లెక్కలున్నాయి కదా అంటారేమో. చివరిసారి జరిగింది 2011లో. అందులో పనిచేసేవాళ్లని నాలుగు గళ్లలో వేశారు: సాగుదారులు, వ్యవసాయ కూలీలు, ఇంటి పరిశ్రమవాళ్లు, ఇతరులు. ఆటో డ్రైవరూ, బట్టల షాపు సేల్స్‌గర్లూ, గార్డూ, టీచరూ, నేనూ అందరం "ఇతరులు"లోనే. పైగా అప్పటి ఒక్క వరంగల్ జిల్లా, 35 లక్షల జనాభాతో ఉన్నది, 2016లో, 2019లో ముక్కలై ఇప్పుడు ఆరు జిల్లాలుగా ఉంది. ఏ జిల్లా దేనితో పోల్చుకోవాలి? షాపులు, ఫ్యాక్టరీలు ఇంటింటికీ తిరిగి లెక్కించే ఆర్థిక గణన 2013లో ఒకటి జరిగింది, దాని తర్వాతది మొదలైంది గానీ ఫలితాలు బయటికి రాలేదు.

మీరు కొత్తగా సర్వే చేయక్కర్లేదు, సగం లెక్క మీ దగ్గరే ఉంది. 2024 నవంబరులో ఎన్యూమరేటర్లు గడప గడపకూ తిరిగి ఇంటింటి సర్వే చేశారు. మా ఇంటికి వచ్చిన టీచరమ్మ వంటింటి గడప మీద కూర్చుని గంటసేపు రాసుకుంది, ఎవరేం పని చేస్తున్నారని కూడా అడిగింది. కులాల లెక్క 2025 ఫిబ్రవరిలో బయటికొచ్చింది. వృత్తుల లెక్క కూడా మండలాలవారీగా, పేర్లు లేకుండా, వేయించండి. 25 మంది, ఆపైన పనిచేసే ప్రైవేటు సంస్థలు ఖాళీలు ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజికి తెలపాలనీ, మూడు నెలలకోసారి ఉద్యోగుల లెక్క పంపాలనీ 1959లోనే చట్టం పెట్టారు. ఇప్పుడది సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. ఆ కాగితాలు వస్తున్నాయా? వస్తే ఏ బీరువాలో ఉన్నాయి?

ఇంకోటి, ఇది నాకు బస్టాండులో నిలబడి ఉండగా తట్టింది. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు ఫ్రీ. కండక్టర్ కొట్టే ప్రతి జీరో టికెట్టు మీదా ఎక్కిన చోటు, దిగే చోటు ఉంటాయి. పొద్దున ఎనిమిదింటికి మా మండలం నుంచి వరంగల్ పోయే ఆడవాళ్లలో ఎంతమంది షోరూములకు, ఆస్పత్రులకు పనికి పోయేవాళ్లో ఆ బస్సు చూస్తేనే తెలుస్తుంది. ఛార్జీలకే కూలి సరిపోయే రోజుల్లో వీళ్లు పోయేవాళ్లు కాదు. ఇది మా దగ్గర ఈ మధ్య వచ్చిన పెద్ద మార్పు, ఏ ఫ్యాక్టరీ పెట్టకుండా వచ్చింది. కానీ రాత్రి తొమ్మిదింటికి షోరూము కట్టేశాక తిరుగు బస్సు దొరకడం కష్టం. ఆర్టీసీ దగ్గర ఆ టికెట్ల లెక్క తీసుకుని చూస్తే బస్సు ఎక్కడ, ఎన్నింటికి వేయాలో తెలిసిపోతుంది. మీ శాఖ కాదంటారేమో, పక్క గదిలో మంత్రి గారికి ఒక మాట చెప్పండి.

ఈ లెక్క నాకెందుకంటే, ప్రతి ఏడూ ఐటీఐ అడ్మిషన్లప్పుడు పదో తరగతి పిల్లలు నా షాపుకొచ్చి "అన్నా, ఏ ట్రేడు పెట్టమంటవ్?" అని అడుగుతారు. ఆప్షన్ల పేజీ తెరిచి ఉంటుంది, వెనక పదిమంది లైన్లో ఉంటారు, నెట్ ఎప్పుడు పోతుందోనని నాకు టెన్షన్. ఇన్నేళ్లుగా అందరికీ ఒకటే చెప్తున్నాను, ఎలక్ట్రీషియన్ అని. నాకు తెలిసింది అదొక్కటే. మండలంలో ఇంతమంది ఎలక్ట్రీషియన్లు తయారవడంలో నా పాపం కూడా ఉంది. ఐటీఐలను లక్షణంగా బాగుచేస్తున్నారు, కొత్త మిషన్లు వస్తున్నాయి. అందులో చేరే పిల్లవాడికి మాత్రం ఆన్‌లైన్ సెంటర్ వాడే సలహాదారు.

వచ్చే అడ్మిషన్లలోపు ఆ లెక్క మండల ఆఫీసు గోడకు అంటించేలా చూడండి. ఒక కాపీ జిరాక్స్ తీసి నా బల్ల పక్కన పెట్టుకుంటాను. ఈసారి అడిగిన పిల్లలకు అది చూసి చెప్తాను.

ఇట్లు,
ఒక ఆన్‌లైన్ సెంటర్ యజమాని,
సంగెం మండలం, వరంగల్ జిల్లా.