35 గీత మన శరీరాలకు సరిపోదు

సంపాదకులకు,

ఒడిశా 2025లో కేంద్ర ఆరోగ్య బీమా ఆయుష్మాన్ భారత్‌లో చేరి, రాష్ట్ర పథకం గోపబంధు జన ఆరోగ్య యోజనతో కలిపి ఏటా కుటుంబానికి 5 లక్షలు, ఆడవారికి అదనంగా మరో 5 లక్షల వైద్యం ఇస్తామన్నప్పుడు, పర్లాకిమిడిలోని మా ఇంట ముందుగా తలుచుకున్నది మా అక్కనే.

అక్క ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 79 కిలోలు. మధుమేహం మందులకు లొంగడం లేదు. పడుకుంటే ఊపిరి ఆగిపోతుందన్న భయంతో రాత్రంతా గోడకు చేరగిలబడి కూర్చునే నిద్రపోతుంది. బరువు తగ్గించే శస్త్రచికిత్స గురించి అడిగితే, ఆసుపత్రి కౌంటరులో లెక్కగట్టి, బీఎంఐ (ఎత్తును బట్టి బరువును కొలిచే లెక్క) 34.2 వచ్చింది, జబ్బులున్నా 35 దాటాలి అని కార్డు తిరిగిచ్చారు.

జబ్బులుంటే 35, లేకుంటే 40 అనే ఈ గీతలు 1991లో అమెరికాలో గీసినవి. తక్కువ బరువుకే పొట్ట చుట్టూ కొవ్వు చేరి మధుమేహం పాలయ్యే మన శరీరాలకు, జబ్బులుంటే 32.5, లేకుంటే 37.5 చాలని మన వైద్యులు ఏనాడో చెప్పారు. 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘాలు ఆసియావాసులకు 27.5 దాటితే చాలు, ఈ చికిత్స సూచించవచ్చన్నాయి.

ఆపరేషన్ చిన్న విషయం కాదని, ఆ తర్వాత జీవితాంతం తిండిలో నియమం, విటమిన్లు తప్పవని అక్కకు తెలుసు. అందుకు ఆమె సిద్ధం. ప్రభుత్వ బీమాలో ఈ అర్హతను మన శరీరాలకు తగ్గట్టు సవరించి, ఆ నియమాన్ని గజపతి, రాయగడ, గంజాం జిల్లాల ఆసుపత్రుల్లో ఒడియాతో పాటు తెలుగులోనూ రాసిపెట్టాలని అధికారులను కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, పర్లాకిమిడి