గ్రౌండు పక్కన చదరపు అడుగులూ వేయండి

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం పేపర్లో వచ్చే స్థలాల ప్రకటనల గురించి రాస్తున్నాను. ‘అంబత్తూరు దగ్గర అర గ్రౌండు అమ్మకానికి’ అని ఉంటుంది, అంతే. గ్రౌండంటే ఇక్కడ 2,400 చదరపు అడుగుల స్థలం. మద్రాసులో పుట్టి పెరిగినవాళ్లకు ఆ మాట చాలు. నెల్లూరు నుంచో తిరుపతి నుంచో వచ్చి ఇక్కడ స్థిరపడదామనుకునే మనవాళ్లకు చాలదు.

మా అక్కావాళ్లది నెల్లూరు. పోయిన ఏడాది ఇక్కడ అర గ్రౌండు బేరం చేశారు. అదెంతో తెలియక బావగారు మధ్యవర్తికి ఫోన్ చేశారు. ఆయన తిరుపతి మనిషి. ‘ముప్పైమూడు అంకణాలు వస్తుందండీ’ అన్నాడు. ఆయన లెక్కలో అంకణం 36 చదరపు అడుగులు, నెల్లూరు లెక్కలో 72. నెల్లూరు అంకణాలే అనుకుని, దాదాపు 2,400 చదరపు అడుగులు వస్తోందని బావగారు అడ్వాన్సు ఇచ్చేశారు. టేపు పట్టి కొలిస్తే 1,200 చదరపు అడుగులే. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడలేదు. అడ్వాన్సులో సగం మాత్రం పోయింది. ఆ టెన్షన్‌తో అక్కకు నెల రోజులు సరిగా నిద్ర లేదు.

ఆ గొడవయ్యాక ఈ ‘గ్రౌండ్’ మాట ఎక్కడిదా అని వెతికాను. పాత ఇంగ్లీషులో ‘గ్రుండ్’ అంటే అడుగుభాగం, పునాది, నేల. ఫిల్టరులో మిగిలే కాఫీ పిప్పిని ఇంగ్లీషులో ఇప్పటికీ గ్రౌండ్స్ అనే అంటారు. వాదనకు ఆధారమైన కారణాలకూ అదే మాట. మన ‘అడుగు’ కూడా ఇలాంటిదే కదా! కుండ అడుగు, పిల్లలు వేసే అడుగు, టేపు మీద అడుగు, అన్నీ ఒకే మాట. ఇంగ్లీషు ఫుట్ కూడా పాదంలోంచే కొలత అయింది.

అయితే గ్రౌండంటే ఎంత విస్తీర్ణమని లండన్‌లో అడిగితే ఎవరూ చెప్పలేరు. 2,400 చదరపు అడుగులన్న అర్థం మన మద్రాసుది. తమిళంలో ‘మనై’ అంటే ఇంటిస్థలం, ఆ 2,400 అడుగుల కొలతా అదే. ఎకరం అలా కాదు. పాత ఇంగ్లీషులో ఆ మాటకు పొలమని అర్థం, సంస్కృతంలోని ‘అజ్ర’ దానికి చుట్టం. ఒక కాడి ఎద్దులు రోజులో దున్నే నేల అని మొదలైనా, తర్వాత 4,840 చదరపు గజాలకు స్థిరపడింది. నెల్లూరులోనైనా చెన్నైలోనైనా ఎకరం ఎకరమే. లాటిన్‌లో నూరుకున్న పేరు నుంచి వచ్చిన సెంటు అందులో నూరోవంతు, 435.6 చదరపు అడుగులు. చొక్కాకు పూసుకునే సెంటుకూ దీనికీ సంబంధం లేదు. గ్రౌండు సుమారు ఐదున్నర సెంట్లు.

గ్రౌండు, అంకణం అనే మాటలు పోవాలని నేననడం లేదు. మా నాన్న నోట విన్న మాట అంకణం, అది ఉండాలి. కానీ మెట్రిక్ కొలతలకు 1956లోనే చట్టం చేసుకున్న దేశంలో ఇంకా ఇలా మోసపోవడం బాధగా ఉంది. చదరపు అడుగులూ చదరపు మీటర్లూ రాయని స్థలం ప్రకటనను దయచేసి తీసుకోకండి. వీలైతే ఆ పేజీ పైన రెండు వరుసలు వేయండి: గ్రౌండు 2,400 చదరపు అడుగులు, అంటే దాదాపు 223 చదరపు మీటర్లు, అంకణం నెల్లూరులో 72, తిరుపతిలో 36 చదరపు అడుగులు. బావగారు మళ్లీ స్థలం చూస్తున్నారు. ఆదివారం ముందు తిరగేసేది ఆ పేజీనే.

– ఒక పాఠకుడు, అంబత్తూరు, చెన్నై