అబ్జర్వర్‌ని ప్యాసింజర్ లెక్కలో వేయకండి

సంపాదకుడు గారికి నమస్కారం,

పోలీస్ హెలికాప్టర్ గురించి వార్త వస్తే పైలట్ గురించే రాస్తారు, పక్కనా వెనకా కూర్చునే అబ్జర్వర్ల గురించి ఒక్క ముక్క ఉండదు, అందుకే ఈ ఉత్తరం.

నేను కొన్నేళ్లు ఆ సీట్లో పనిచేశానండి. రాత్రిపూట తప్పిపోయిన ఓ పెద్దాయన కోసం వెతుకుతున్నామనుకోండి, ఒళ్లో కంట్రోలర్ పెట్టుకుని వేడిని పట్టి చూపించే థర్మల్ కెమెరా తిప్పుతూ ఉండాలి, స్క్రీన్ మీద తెల్లగా కనిపించేది మనిషా, పగటి ఎండకి కాగిన బండా, పడుకున్న పశువా తేల్చుకోవాలి, ఒక పక్క కంట్రోల్ రూమ్ మాట్లాడుతుంటే ఇంకోపక్క కింద నడుస్తున్నవాళ్లకి "కంచె దాటండి, ఎడమకి తిరగండి" అని దారి చెప్పాలి, మధ్యలో పైలట్‌కి కరెంటు తీగలు చూపించాలి. హెలికాప్టరేమో గిర్రున తిరుగుతూనే ఉంటుంది, స్క్రీన్‌లోంచి కళ్లు తీయడానికి లేదు, కడుపులో తిప్పేస్తుంది. ఇదంతా చేసేవాడు ప్యాసింజరా?

నేను పనిచేసిన చోట పైలట్‌కి ఫ్లయింగ్ గంటలకీ రెస్ట్‌కీ లెక్క ఉండేది, మాకు మాత్రం స్టేషన్ డ్యూటీ దిగి అటునుంచి అటే ఎక్కేయడమే.

లాస్ ఏంజెలెస్ పోలీసులు అబ్జర్వర్లని టాక్టికల్ ఫ్లైట్ ఆఫీసర్ అంటారు, బ్రిటన్‌లో 2012లో మొదలైన నేషనల్ పోలీస్ ఎయిర్ సర్వీస్ కూడా అదే పేరు వాడుతోంది. పేరు మారితే సరిపోదు గానీ, సిబ్బందిలో ఒకడని ఒప్పుకోవడం అక్కడే మొదలవుతుంది.

2013 నవంబర్ 29 రాత్రి గ్లాస్గోలో పోలీస్ హెలికాప్టర్ ఓ పబ్ పైకప్పు మీద కూలి పదిమంది చనిపోయారు, అందులో పైలట్‌తోపాటు ఇద్దరు అబ్జర్వర్లు కూడా ఉన్నారు. మెయిన్ ట్యాంకులో ఇంకా 70 కిలోలకు పైగా ఇంధనం ఉంది, కానీ దాన్ని ఇంజన్లకి అందే ట్యాంకుల్లోకి పంపే పంపులు ఆఫ్‌లో ఉన్నాయని దర్యాప్తులో తేలింది, ఇంధనం తక్కువైందన్న వార్నింగ్ లైట్ వెలిగాక 10 నిమిషాల్లో దిగిపోవాలని చెక్‌లిస్టులో ఉన్నా దిగలేదు. ఆ ఇద్దరూ ఆపగలిగేవాళ్లని నేను అనట్లేదు, వాళ్ల మీద తప్పు వేసే ఉద్దేశం అసలే లేదు. నాకూ అలాంటి వార్నింగ్ లైట్ల అర్థం ఎవరూ నేర్పలేదు, అదే నా బాధ.

అందుకే అబ్జర్వర్‌కి క్రూ హోదా ఇవ్వాలి, రెస్ట్, ఇన్సూరెన్స్, అలవెన్స్ అన్నీ ఆ హోదాతోనే రావాలి. ఫ్యూయల్ గురించి పైలట్‌ని అడగడం జోక్యం కాదు, అబ్జర్వర్ డ్యూటీయే అని మాన్యువల్‌లో రాయాలి.

ఇట్లు,
ఒక మాజీ అబ్జర్వర్