చచ్చినవి 18 సరే, గాయపడ్డవి ఏమయ్యాయి?

సంపాదకులు గారికి,

పోయిన వారం మంగళవారం మీ జిల్లా పేజీలో వీధి కుక్కల దాడిలో 18 గొర్రెలు చనిపోయాయని వార్త వేశారు. చచ్చిన గొర్రెలను వరసగా పడుకోబెట్టిన ఫొటో కూడా వేశారు. వార్త చివర 'మరో 11 గాయపడ్డాయి' అని ఒక ముక్క ఉంది. ఆ పదకొండు ఏమయ్యాయో మర్నాడు రాయలేదు, ఈరోజు దాకా రాయలేదు. తొమ్మిది రోజులు చూసి, ఇక ఉండబట్టలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మంద ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. చచ్చినవాటికి ఏడుస్తాం, గుంత తీసి పూడుస్తాం. బతికి మూలుగుతున్నవాటిని ఏం చేయాలో తెలియకపోవడమే అసలు నరకం. రెండేళ్ల కింద మా దొడ్డిలో ఇదే జరిగింది. తెల్లవారుజామున మూడింటికి అరుపులు విని ఉరికేసరికి ఐదారు కుక్కలు కంచె దూకి పోతున్నాయి. అప్పటికే తొమ్మిది గొర్రెలు పోయాయి. అందులో నాలుగింటి ఒంటి మీద పంటి గాటు కూడా లేదు. బెదిరి ఒకే మూలకు తోసుకుపోయి, ఒకదాని కింద ఒకటి నలిగి ఊపిరాడక చచ్చాయి. ఇంకో పద్నాలుగింటికి గాయాలు.

ఫోన్లు చేయడం మొదలుపెట్టాం. మాకు తెలిసిన పశువుల దవాఖాన నంబర్లలో రెండు మోగి మోగి ఆగిపోయాయి. మూడో ఆయన ఎత్తి, తొమ్మిది దాటాక తోలుకురమ్మన్నారు. గొంతు చీలిన గొర్రెను ఎలా తోలుకుపోవాలి సార్? ఎవరు చెప్పారో ఏమో, ఐదున్నరకల్లా మాంసం కొట్టే ఆయన బండి మాత్రం మా దొడ్డి ముందు ఆగింది. పన్నెండు వేలు పలికే గొర్రెను రెండు వేలకు అడిగాడు. మేం ఇవ్వలేదు. ఇచ్చేవాళ్లను తప్పు పట్టను, చేతిలో అప్పు, కళ్ల ముందు రక్తం ఉంటే ఎవరైనా ఇచ్చేస్తారు. కానీ కరిచిన కుక్కకు పిచ్చి ఉందో లేదో ఎవరూ చూడని ఆ మాంసం ఏ ఊరి హోటల్‌కు పోతుందో అధికారులు ఒక్కసారైనా ఆలోచించాలి.

డాక్టర్ వచ్చేలోపు మేం చేసినవన్నీ తప్పులే. మా మామ గాయాల్లో కారం, పసుపు పెట్టాడు. మా తమ్ముడు దబ్బనం తెచ్చి కుట్టబోయాడు. పడిపోయిన గొర్రె తల ఎత్తి నేనే నోట్లో నీళ్లు పోశాను. చివరికి పక్క మండలంలో పనిచేసి రిటైరైన ఒక పశువైద్య సహాయకుడు ఫోన్‌లో అరిచి మమ్మల్ని ఆపాడు. పడుకున్న గొర్రె నోట్లో నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయట. గాయాలను సబ్బుతో, ధార కట్టిన నీళ్లతో పావుగంట కడగమన్నాడు. కుక్క పంటి గాయం పైకి చిన్న రంధ్రంలాగే ఉంటుందని, లోపల కండ చిరిగిపోయి ఉంటుందని, ఉన్ని కత్తిరించి ఒళ్లంతా వెతకమన్నాడు. కుట్లు వేయాలా వద్దా అన్నది డాక్టర్ చూసి చెప్పాలి. మెడ దగ్గర చర్మం కింద గాలి బుడగల్లా చేతికి తగిలితే శ్వాసనాళానికి దెబ్బ తగిలినట్టే, దాన్ని ముందు చూపించాలి. పేగు బయటికొస్తే లోపలికి తోయకుండా తడి గుడ్డ కప్పి ఉంచాలి. అన్నిటికంటే ముందు, జనాన్ని దూరం పంపి గొర్రెలను నీడలో కదలకుండా ఉంచాలి. మా దొడ్డి చుట్టూ అప్పటికి ఊరు ఊరంతా నిలబడి వీడియోలు తీస్తోంది.

నిలబడి మేత నమిలిన ఒక గొర్రె సాయంత్రానికి కూలిపోయింది, బెదురు తగిలి షాక్‌లోకి పోయిందన్నారు. మూడో రోజుకు మరో రెండింటి గాయాల్లో పురుగులు పడ్డాయి. రెండు చూడి గొర్రెలు ఈసుకుపోయాయి, అంటే కడుపు పోయింది. పద్నాలుగింటిలో మాకు మిగిలినవి ఎనిమిది. అవి కూడా రేబిస్ సూదులు మేమే పట్నంలో కొని తెచ్చి, ఐస్ డబ్బాలో పెట్టి మోసుకొస్తేనే మిగిలాయి. మొదటి రోజు, మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఎనిమిది. ఇన్ని రోజులు తప్పకుండా వేయాలి. దవాఖానలో స్టాక్ లేదన్నారు.

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణదే మొదటి స్థానం, కోటీ 90 లక్షలకు పైగా ఉన్నాయి. ప్రతి సభలో ఈ మాట చెబుతారు. 2017లో సబ్సిడీ మీద ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచారు. అదే ఏడాది 1962 నంబరుతో సంచార పశువైద్య వాహనాలు నియోజకవర్గానికి ఒకటి చొప్పున తెచ్చారు. మంచి పనే, కాదనను. కానీ కేంద్ర పథకం లెక్క కూడా లక్ష పశువులకు ఒక వాహనమే. కుక్కలు దొడ్డి మీద పడేది రాత్రి రెండింటికి, మూడింటికి. మనుషులకు 108 రాత్రీ పగలూ తిరిగినట్టు, కనీసం రెండు మూడు మండలాలకు కలిపి రాత్రి డ్యూటీలో ఒక పశువుల డాక్టర్ ఉంటే ఏం పోతుంది? ప్రతి పంచాయతీలో సెలైన్, అయోడిన్ మందు, కట్టు గుడ్డ ఉన్న ఒక పెట్టె పెట్టి, ఇద్దరు కాపరులకు వాడకం నేర్పించడానికి ఎంత ఖర్చవుతుంది?

కుక్కలకు విషం పెట్టమని నేను అనడం లేదు, అది నేరం, పాపం కూడా. వీధి కుక్కల నియంత్రణకు కేంద్రం తెచ్చిన 2023 నిబంధనల ప్రకారం కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, టీకాలు వేయించాల్సిన బాధ్యత స్థానిక సంస్థలదే. మా ఊళ్లో ఒక్క కుక్కకు కూడా వేయగా నేను చూడలేదు. 2025 ఆగస్టులో ఢిల్లీ కుక్కల మీద సుప్రీంకోర్టు ఆదేశాలు వచ్చినప్పుడు టీవీల్లో రోజుల తరబడి చర్చించారు, గొర్రెల కాపరిని ఒక్కడినీ పిలవలేదు. కోళ్ల వ్యర్థాలు రోడ్డు పక్కన పారబోసి కుక్కలకు రక్తం రుచి మప్పేవాళ్లను పట్టుకునే దిక్కు లేదు. పులి పశువును చంపితే అటవీశాఖ పరిహారం ఇస్తుంది. కుక్క చంపితే ఏ శాఖను అడగాలో మా తహసీల్దారుకే తెలియలేదు. తమిళనాడులో కాంగేయం వైపు రైతులు రోడ్డెక్కితే అక్కడి ప్రభుత్వం పరిహారానికి ముందుకొచ్చింది. ఇక్కడ కూడా రోడ్డెక్కితే తప్ప వినరా?

మీ విలేకరిని దయచేసి ఆ ఊరికి మళ్లీ ఒకసారి పంపండి. ఆ పదకొండింటిలో ఎన్ని బతికున్నాయో, సూదులు ఎన్ని పడ్డాయో అడిగి రాయమనండి. నా లెక్క ప్రకారం పద్నాలుగో రోజు సూది వచ్చే సోమవారం పడాలి.

— ఒక గొర్రెల పెంపకందారు, వనపర్తి జిల్లా